వేటకు వెళ్లినవారి ముక్కలు

మా పొరుగింటి పెద్దమ్మ గారు గత గురువారం ఉదయం కన్నుమూశారని, ఆమె చేతి పులుసు తిన్నవారందరికీ ఇందుమూలంగా తెలియజేయడమైనది. తినని వారికి ఈ ప్రకటనతో నిమిత్తం లేదు. సానుభూతి మాత్రం తెలుపుతున్నాను.

గోదావరి సముద్రంలో కలిసే మొగకు ఇవతల, ఉప్పుటేటి ఒడ్డున ఉండేది మా ఊరు. నీటిలో అలలు ఉండవు. మా రెవెన్యూ కార్యాలయంలోనూ పెద్దగా కదలిక ఉండేది కాదు. అక్కడ గుమాస్తాగా నా బ్రహ్మచర్యంలో అధికభాగం పెద్దమ్మ గారి మట్టి దాక మీదే నడిచింది.

ఆ వంటింట్లో రెండు నిబంధనలు అమలులో ఉండేవి. మొదటిది, చేపల పులుసులో గరిటె పెట్టరాదు. దాకను రెండు చేతులా పట్టి తిప్పాలి. నేనొకసారి సాయం చేయబోయి గరిటె ముంచాను.

"అది మీ ఫైలు కాదు బాబూ, కెలికితే ముక్క విరిగిపోద్ది" అన్నారు.

రెండవది, పడవలో చేపల వేటకు వెళ్లినవారి ముక్కలు వారు వచ్చేదాకా దాకలోనే ఉండాలి. ఎవరికెంత ఆకలైనా ఇందులో సవరణ లేదు.

తొంభైలలో ఒక తుపానుకు ఊరంతటినీ బడిలోకి తరలించాం. పెద్దమ్మ గారు దాకతో వచ్చారు. అందులో రెండు పండుగప్ప ముక్కలు, భర్తదొకటి, కొడుకుదొకటి. ఇద్దరూ ముందురోజు పడవలో వెళ్లారు. వండిన పదార్థాలు శిబిరంలోకి తేరాదని ఉత్తర్వు. ఆమె దాకతో గుమ్మం దాటే సమయంలో నేను కిటికీలోంచి వాన చూస్తున్నాను.

రెండోరోజుకు మిగతా పడవలన్నీ చేరాయి. ఆ ఇద్దరి పేర్ల ఎదుట గల్లంతు అని రాసి జాబితా పంపమన్నారు ఎమ్మార్వో గారు. కలం తెరవగానే ఆమె నా బల్ల దగ్గరికి వచ్చారు.

"రాయకండి బాబూ. వాళ్ల ముక్కలు ఇంకా ఉన్నాయి."

గడి ఖాళీగా వదిలాను. ఆ ఖాళీ ఏంటని ఎమ్మార్వో గారు మందలిస్తే, విచారణలో ఉందని విన్నవించాను. విచారణ అంటే, ఆమె శిబిరం పొయ్యి మీద పులుసు వెచ్చబెట్టి, మూత తీసి వాసన చూసి, పాడవలేదని నిర్ధారించుకుని, మళ్లీ గుమ్మం వైపు తిరిగి కూర్చోవడం.

మూడోరోజు పొద్దెక్కాక భర్త వచ్చారు, నడుందాకా మడ అడవి బురదతో. ఒక్కరే. మొగ దగ్గర పడవ బోల్తాపడిందని, కొడుకు చెయ్యి పట్టు జారిపోయిందని చెప్పారు. ఆమె ఆయనకు అన్నం పెట్టి, ఆయన ముక్క వేసి, తిన్నంతసేపూ పక్కనే కూర్చున్నారు. తర్వాత రెండో ముక్కను తన కంచంలో వేసుకుని, ముల్లు వెంట ముల్లు తీసి, చివరిదాకా తిన్నారు. చెయ్యి కడుక్కుని నా దగ్గరికి వచ్చారు.

"ఇప్పుడు రాయండి."

రాశాను. సిరా ఆరేదాకా ఆమె ఆ గడినే చూస్తూ నిలబడ్డారు.