పొద వెనక మద్దెల

ఆ బొమ్మ మంచిది కాదు. అప్పుడూ అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటాను. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి వేసవిలో పాకాల స్టేషను అవతల డేరా టాకీసులో ఆడేనాటికే అది పదేళ్ల పాతది. ఇరవై ఆరు పాటలు. కథ రెండడుగులు వేస్తే పాట వచ్చి దాన్ని కూర్చోబెట్టేది. రాజుగారి కోట గుడ్డ మీద రాసిన కోట. గాలి వీస్తే బురుజులు ఊగేవి. రీలు నిండా గీతలే. రాజు ఎండలో నిలబడినా వాన పడుతున్నట్టే ఉండేది.

నాకు బడి లేదు. పద్యనాటకాల పుస్తకాలు కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. చుట్టుపక్కల ఊళ్లలో రాజు వేషమంటే నాదే. పద్యం ఎత్తుకుంటే జనం "వన్స్ మోర్" అని అరిచేవారు. రెండోసారి ఇంకాస్త సాగదీసి పాడేవాణ్ణి. అలాంటిది, నా భార్య, మా అక్క కూతురే, ఆ బొమ్మ చూసి వచ్చిన మర్నాటి నుంచి అందులో రాజు పాటే కూనిరాగం తీస్తూ తిరిగింది. పేడ ఎత్తుతూ అదే, పాలు పితుకుతూ అదే. పెళ్లయి రెండేళ్లు; నా పద్యం ఒక్క ముక్కైనా ఆమె నోట రాలేదు.

ఒప్పుకోవలసింది ఒప్పుకుంటాను: రాజు వేషం వేసినవాడూ, అతని జోడీగా వేసిన పిల్లా, ఇద్దరూ బాగున్నారు. ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక పాట మధ్యలో పెదవి కొరుక్కునేది. రాజు బక్కవాడు, కిరీటం చెవుల మీదికి జారేది. అయినా వాడు తెర మీద ఉన్నంతసేపూ ఆ గుడ్డ కోట నిజం కోటే. ఒప్పుకోవడం వేరు, ఓర్చుకోవడం వేరు.

తప్పులు చూపిస్తే మత్తు దిగుతుందని ఆమెను మళ్లీ తీసుకుపోయాను. డేరాలో ఆడవాళ్లకూ మగవాళ్లకూ మధ్య తడిక. ఆ రోజుల్లో బొమ్మ తీసేటప్పుడు నటులు పాడుతుంటే పాటను అక్కడికక్కడే రికార్డు చేసేవాళ్లు. వాద్యగాళ్లు చెట్టూ చేమా వెనక దాక్కునేవాళ్లు. తోట పాటలో పొద పక్క నుంచి మద్దెల మీద పడుతున్న చెయ్యి, ఉంగరంతో సహా, కనిపించింది. తడిక మీదుగా అరిచాను:

"ఏమే, పొద ఎనక సూడు! మద్దెలాయన చెయ్యి!"

అవతల ఎవరో ముసలమ్మ లేచింది. "ఎవరబ్బా అది? పొద ఎనక సూసేదానికా వచ్చినావు? నోరు మూసుకో నాయనా!"

ఆడవాళ్ల పక్కంతా ఒకటే నవ్వు. మా ఆవిడ కూడా నవ్వే ఉంటుంది.

మర్నాడు పొద్దున వసారాలో కూర్చుని ఇద్దరం చింతపండులో గింజలు తీస్తున్నాం. "ఆ చెయ్యి కనపడిందా, లేదా?" అన్నాను.

"మొదటి దినమే కనపడె మామా."

"మరి ఏం సూసి మురిసిపోయినావు? వాడికి నా గొంతు ఉండాదా?"

"లేదు. నీ గొంతే పెద్దది." గింజ తీసి చేటలో వేసింది. "ఆయప్ప ఆ పాపను సూస్తా పాడతాడు. నువ్వు జనాన్ని సూస్తా పాడతావు. నీ పక్కన రాణి యాసం కట్టినాయన నిలబడి నిలబడి ఆవలిస్తాడు. ఎప్పుడన్నా సూసినావా?"

ఒళ్లు మండింది. శ్రుతి కావాలి, తాళం కావాలి గాని పాటకు చూపుతో ఏం పని? ఆ మాటే గట్టిగా అన్నాను.

"అట్లయితే ఇప్పుడు పాడు. ఈడ జనం లేరు" అంది.

గొంతు సవరించుకుని, రాజు రాణితో చెప్పే పద్యం ఎత్తుకున్నాను. కళ్లు అలవాటుగా వీధి వైపు పోయాయి. లాక్కొచ్చి ఆమె ముఖం మీద పెట్టాను. మొదటి పాదం సగంలో ఆమె చేతిలో పని ఆపి నన్నే చూసింది. అంతే. వందసార్లు పాడిన పద్యం, తర్వాతి మాట రాలేదు.

"ఏమి మామా, ఆగిపోతివి?"

"గొంతు పట్టేసింది" అని లేచి పెరట్లోకి పోయాను. బొమ్మ తీసేవాళ్లు అంతమంది మధ్య నిలబడి, ఆ పిల్లనే చూస్తూ అంత సులువుగా ఎలా పాడాడా అని, ఆ పొద్దంతా ఆ బక్కవాడి మీద పళ్లు కొరుకుతూనే ఉన్నాను.