లువాన్ గారి సొంత వైను

చైనాలోని యాన్‌తాయ్‌ ఊళ్లో గుమాస్తా పని చేసి రిటైరైన లువాన్ గారు, ఏటా ద్రాక్ష కాలంలో సంత ముగిసే వేళకు వెళ్లి, ఎవరూ కొనని మెత్తబడ్డ పళ్లు బుట్టెడు తెస్తారు. కడగరు, కడిగితే సారం పోతుందట. నీళ్ల డబ్బాలో పోసి, మోచేతుల దాకా ముంచి పిసికి, దోసిళ్లతో పంచదార కుమ్మరిస్తారు. ఇక నెలంతా ఇంట్లో ఈగలదే రాజ్యం. ఏది ఇచ్చినా మర్యాదకు రెండు మూడుసార్లు వద్దనడం అక్కడివాళ్లకు అలవాటు. అందుకని ఎవరు వద్దన్నా, పొయ్యమన్నట్టే ఆయనకు లెక్క.

నిన్న కూతురు యున్‌షియా సంబంధం ఖాయం చేసుకోవడానికి పెళ్లికొడుకు తండ్రి జియాంగ్ గారు భోజనానికి వచ్చారు. "ఈ ఒక్క పూటకీ ఆ వైను సీసా తీయకు నాన్నా," అని యున్‌షియా ముందే బతిమాలుకుంది. తీశారు.

"వద్దు బావగారూ, నా లివరు బాగోలేదు. డాక్టరు ముట్టుకోవద్దన్నాడు."

"అబ్బ, ఎంత మొహమాటమండీ మీకు!"

"నిజంగానే వద్దయ్యా బాబూ!"

"ఇది తాగితే లివరు ఉక్కులా తయారవుతుంది!"

జియాంగ్ గారు గ్లాసు బోర్లించారు. లువాన్ గారు ముచ్చటపడి ఇంకో గ్లాసు తెచ్చారు. చేప వడ్డించకముందే అతిథి లేచి మెట్లు దిగిపోతే, రెండు సీసాలు చంకన పెట్టుకుని వెంటపడి, కారు కిటికీలోంచి లోపలికి తోయబోయారు. అద్దం పైకి లేచింది. కారు వెళ్లిపోయింది.

"సంబంధం పోయింది నాన్నా," అని యున్‌షియా ఏడ్చింది.

"పిచ్చిదానా! చివరిదాకా ఒక్క చుక్క ముట్టలేదు, చూశావా? ఇంత మర్యాదస్తులు మళ్లీ దొరుకుతారటే?" అన్నారు లువాన్ గారు.