సార్ తీయనివ్వని ఖాళీ ప్యాకేజీ

మా ల్యాబ్ సార్ పోయారన్న వార్త కాలేజీ గ్రూపులో ఒక గుడ్ మార్నింగ్ గులాబీకీ, పరీక్ష ఫీజు గడువుకూ మధ్యన వచ్చింది. గుండెపోటట. నల్లగొండ దవాఖానకు తీసుకుపోతుంటేనే.

నకిరేకల్ డిగ్రీ కాలేజీలో మా కంప్యూటర్లకు ఆయనే దిక్కు. చాక్‌పీసుతో చెవి గోక్కునే అలవాటు. అందుకని కుడి చెవి ఎప్పుడూ తెల్లగా ఉండేది. ఆ చెవి మీద నేను వేసిన జోకులతో ఓ సెమిస్టరు గడిచిపోయింది. జీతం కాలేజీది, మనసు లినక్స్‌ది. ఎక్కడెక్కడి వాళ్లో కలిసి ఉచితంగా నడిపే ఆ కంప్యూటర్ వ్యవస్థలో ఒక్కో పనికి ఒక్కో సాఫ్ట్‌వేర్ మూట, అదే ప్యాకేజీ; పాత టైపు మిషన్ వరసలో తెలుగు కొట్టే కీబోర్డు ప్యాకేజీని ఆయనే చూసుకునేవారు. చివరికి నన్నూ అందులోకి దింపారు.

తర్వాత దాన్ని అన్ని భాషల కీబోర్డులుండే పెద్ద ప్యాకేజీలో కలిపేశారు. పాత పేరుతో ఖాళీ ప్యాకేజీ ఒకటి మిగిలింది. అప్‌డేట్ కోసం పాత పేరు వెతుక్కుంటూ వచ్చిన కంప్యూటర్‌ను కొత్తదాని దగ్గరికి పంపడమే దాని పని.

"లోపల ఏం లేనిదానికి ఇంత సేవేంది సార్? పీకేద్దాం" అన్నాను.

"దుకాణం జాగా మారితే పాత తలుపు మీద బోర్డు పెడ్తరు గదరా. బోర్డుల సామాను ఉంటదా?"

"ఎన్నాళ్లుంచాలె?"

"ఆఖరి గిరాకి వచ్చి చూసుకునేదాంక."

ఆ ఆఖరి గిరాకి నాకు తెలుసు. సార్ సొంతూరు హాలియాలో ఫ్లెక్సీలు కొట్టే అన్న. ఇంకా ఆ పాత ప్యాకేజీతోనే కొడతాడు, అప్‌డేట్ చేస్తామంటే కంప్యూటర్‌ను ముట్టనివ్వడు.

సార్ పోయిన వారంలోనే లినక్స్ వాళ్ల మెయిల్ వచ్చింది. మొదటి వాక్యం సంతాపం. రెండోది, ఆ ఖాళీ ప్యాకేజీని వచ్చే విడుదలలో తీసేయవచ్చా అని. తీస్తే, అన్న అప్‌డేట్ చేసిన రోజు పాత కీబోర్డు పోతుంది, కొత్తది రాదు. 'తీయండి' అని కొట్టాను. పంపబుద్ధి కాలేదు.

సార్ శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కోసం హాలియా వెళ్లాను.

"జర లేవే అన్నా, ముందుగాల నీ మిషన్ అప్‌డేట్ చేస్త."

"ఇప్పుడా? రేపు సార్ దినం. ఫ్లెక్సీ కట్టొద్దా? అయినంక చూద్దాం తీ."

"అయినంక ఇంకోటి వస్తది నీకు."

"వస్తది మరి! పెండ్లిళ్లు లేకుంటె చావులు. సార్ గుడ గిట్లనే అడుగుతుండె. చాయ్ తాగి, నవ్వి పోతుండె."

కీబోర్డు చూడకుండానే సార్ పేరు కొట్టేశాడు. ఫొటో పెద్దది చేసి ఆగాడు.

"తమ్మీ, గీ చెవికి ఏందో తెల్లగుంది. తుడిచేయాల్నా?"

మౌస్ అప్పటికే చెవి మీద ఉంది. జోకు ఒకటి నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఉండనీయ్ అన్నా."

ఫోన్ తీసి మెయిల్లో 'తీయండి' చెరిపి, 'ఇంకొక విడుదల ఉంచండి' అని పంపాను. ఇలా ఎన్ని విడుదలలు అడగగలనో తెలియదు. మిషన్ గరగరలాడింది. ఫ్లెక్సీ మెల్లగా కిందికి దిగసాగింది: ముందు నెరిసిన జుట్టు, తర్వాత నుదురు, ఆ తర్వాత తెల్లటి చెవి.