గుర్రం క్యాసెట్టుకు పడిన గింజలు

పాత క్యాసెట్ డబ్బా మూత తీస్తే ఒక వాసన వస్తుంది. ఎండకు వేడెక్కిన ప్లాస్టిక్కూ, టేపు మీది గోధుమరంగు పూతా, సందుల్లో దూరిన దుమ్మూ కలిసిన వాసన. మొన్న అటక మీద అలాంటి డబ్బా కోసం వెతికాను. వెతికించింది ఫోన్లో నేనున్న పాత పాటల గ్రూపు. అక్కడ వారానికొక సంవత్సరం పేరు చెప్పి, ఆ ఏడు వచ్చిన క్యాసెట్లలో మీకు నచ్చిన పదింటిని వరస పెట్టండి అంటారు. ఒకరు వరస పెడతారు, ఇంకొకరు మూడోదాన్ని మొదటికి తెమ్మంటారు, మధ్యాహ్నానికి పెళ్లి భోజనాల్లో పప్పు చాలనప్పుడయ్యేంత గొడవ అవుతుంది. అంగడి ఇంట్లో పుట్టినదాన్ని, బేరం లేని చోట నాకు ఊపిరాడదు కాబట్టి ప్రతి వారం దూరతాను. ఈ వారం మాత్రం వాళ్లు అడిగిన సంవత్సరం చూడగానే ఫోన్ పక్కన పెట్టి అటక ఎక్కాను. ఆ ఏటి క్యాసెట్లను మా బజారు ఇదివరకే ఒకసారి వరస పెట్టబోయింది.

అప్పుడు నాకు పదకొండేళ్లు. కళ్యాణదుర్గం బజారులో మా నాయనది విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల అంగడి. గోడకు గోడ ఆనుకుని ఖాజా అన్న క్యాసెట్ల అంగడి. మా అంగడిలో మందుల ఘాటు, వాళ్ల అంగడిలో అగరొత్తుల పొగ, రెండింటి మధ్యా ఎదురు హోటలు నుంచి వచ్చే ఉగ్గాని తాళింపు వాసన, మూడూ కలిసి మా బట్టలకు పట్టేవి. ఖాజా అన్న పొద్దున్నే ఒక పాట పెడితే దానికి తగ్గట్టు మా నాయన బస్తాలు సర్దేవాడు. ఆ సంగతి అడిగితే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. పిల్లలం మేము క్యాసెట్లను పేర్లతో పిలిచేవాళ్లం కాదు, అట్ట మీది బొమ్మతో పిలిచేవాళ్లం. హీరో గుర్రమెక్కి ఉన్నది గుర్రం క్యాసెట్టు, హీరోయిన్ గొడుగు పట్టుకుని వానలో నిలబడినది గొడుగు క్యాసెట్టు, ముదిగుబ్బ దగ్గరి పల్లెవాళ్లు చెక్కభజన పాడి రికార్డు చేయించినది చెక్కల క్యాసెట్టు.

ఆ ఏడు మృగశిర కార్తె వచ్చినా చినుకు లేదు. ఏరువాక పున్నమికి ఎద్దుల కొమ్ములకు రంగులు పూశారు, ఇళ్లలో ఓళిగలు చేశారు, నెయ్యి వాసనతో వీధి నిండింది గానీ విత్తే గొర్రు పట్టుకుని చేనికి పోయినవాడు లేడు. పల్లెల నుంచి వచ్చిన రైతులు మా అంగడి అరుగు మీద కూర్చుని, మబ్బు పడమర నుంచి తూర్పుకు ఉత్త చేతులతో పోవడం చూసి, బీడీ ముట్టించుకుని, మళ్లీ కూర్చునేవాళ్లు. పని లేని చేతులంటే నాకు ఇప్పటికీ భయమే. ఆ భయం తెలియనివ్వకుండా ఖాజా అన్న ఒక ఆట పెట్టాడు. పోయిన ఏడు వచ్చిన క్యాసెట్లలో ఏది మేలో బజారు తేల్చాలి. బల్ల మీద క్యాసెట్లు పేర్చి, ఒక్కోదాని ముందు ఒక గాజు గ్లాసు పెట్టాడు. నచ్చినదాని గ్లాసులో మనిషికొక వేరుశెనగ గింజ వెయ్యాలి. వారం తర్వాత గెలిచిన క్యాసెట్టు మైకులో రోజంతా మోగుతుంది.

నాకు గొడుగు క్యాసెట్టు గెలవాలి. వాన లేని ఊళ్లో వాన పాటలు రోజంతా మోగాలని ఎందుకంత పట్టో చెప్పలేను గానీ, దానికోసం చెయ్యని పని లేదు. అరుగు మీది వాళ్లకు నీళ్లిచ్చి ఓటడిగాను, ఓటెయ్యని వాడికి ఖాళీ చెంబు అందించాను. అయినా గుర్రం ముందే పోతోంది. అప్పుడు నా అంగడి బుర్రకు ఒక ఉపాయం తట్టింది. నా చెల్లెలు చిట్టికి ఐదేళ్లు, గింజలంటే ప్రాణం. ఎవరూ చూడనప్పుడు గుర్రం గ్లాసులోవి తిని రా, వచ్చాక బెల్లం ముక్క ఇస్తానన్నాను. మూడు రోజులు బేరం బాగా నడిచింది.

నాలుగో రోజుకు ఇంకో కష్టం వచ్చింది. ఓట్లను చిట్టి ఒక్కతే కాదు, ఓటేసినవాళ్లు కూడా తింటున్నారు. మాటల్లో పడి గొడుగు గ్లాసులో చెయ్యి పెట్టి నమిలేస్తున్నారు. నేను ఏడుపు మొహంతో పోతే ఖాజా అన్న నవ్వాడు. "ఏమి చెయ్యమంటావమ్మా, ఓటు రుచిగా ఉండాది."

రుచి లేకుండా చేస్తే సరి అనుకున్నాను. మా అంగడి వెనక గదిలో ఓబులేసు మామ బస్తా ఉంది. ఆయన పక్క పల్లె రైతు, నాయనకు పాత స్నేహితుడు. ఒకరోజు మబ్బు పట్టిందని వేరుశెనగ విత్తనానికి పురుగు పట్టకుండా ఎర్రమందు పట్టించుకున్నాడు, మబ్బు వెళ్లిపోయింది. మందు పట్టించిన గింజ తినడానికీ పనికిరాదు, గానుగకూ పనికిరాదు, వాన పడితే భూమికే. ఇంట్లో పిల్లలూ మేకలూ ఉన్నాయని, భద్రంగా ఉంటుందని మా దగ్గర పెట్టి పోయాడు. నేను అందులోంచి దోసెడు తెచ్చి ఖాజా అన్న బల్ల మీద పోసి, ఇకనుంచి వీటితోనే ఓటెయ్యాలన్నాను. ఎర్రగా ఉన్నవి చూసి ఎవడూ నోట్లో పెట్టుకోలేదు. నా తెలివికి ఖాజా అన్న టీ ఇప్పించాడు. ఆ టీ తాగుతూ బజారంతా నాదే అన్నట్టు కాళ్లూపుకుంటూ కూర్చున్నాను. అంత తెలివి ఉన్నదాన్ని ఒక్క మాట మరిచిపోయాను. చిట్టితో బేరం ఆగిపోయిందని చిట్టికి చెప్పలేదు.

మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి గుర్రం గ్లాసు అడుగంటి ఉంది. చిట్టి మా అంగడి మెట్టు మీద కూర్చుని బెల్లం కోసం చెయ్యి చాపింది. వేళ్ల కొసలు ఎర్రగా ఉన్నాయి. పెదవి పక్కన ఒక ఎర్రటి గీత.

"తిన్న్యావా?"

"నువ్వే తినమన్న్యావు కదక్కా."

నేను వెంటనే అరిచి ఉంటే ఈ కథ ఇంత పొడుగుండేది కాదు. అరవలేదు. నాయన చేతి దెబ్బ గుర్తొచ్చింది. చిట్టిని చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి లాక్కుపోయి, నోరు కడిగి, నీళ్లు తాగించి, ఆ బస్తా పక్కనే నిలబడి దేవుళ్లందరితో బేరం మొదలుపెట్టాను. కదిరి నరసింహస్వామికి తల నీలాలు ఇస్తానన్నాను; చిట్టివి కాదు, నావే. గొడుగు ఓడిపోయినా సరేనన్నాను. పక్కగోడ అవతల పాట మారింది, ఇంకోటి మారింది. ఎన్ని పాటలు పోయాయో, అన్ని పాటలసేపు నేను నా వీపును కాపాడుకున్నాను. చిట్టి ముఖం పాలిపోయి, "అక్కా, కడుపులో తిప్పతాండాది" అని నా పావడా మీదే కక్కుకుంది. కక్కినదాంట్లో ఎరుపు కనపడింది. అప్పుడు అరిచాను.

నాయన వచ్చాడు. దెబ్బ పడుతుందని కళ్లు మూసుకున్నాను. పడలేదు. కళ్లు తెరిచి చూస్తే నాయన అంగడి అరలోంచి ఎర్రమందు ప్యాకెట్టు తీసి చేతిలో పట్టుకుని వెనక రాసిన చిన్న అక్షరాలు చదవబోతున్నాడు, చెయ్యి వణుకుతోంది, చదవలేకపోతున్నాడు. ఎంత కరువులోనూ, ఎవడు కత్తి చూపించినా బెదరని మనిషని బజారు చెప్పుకునే మా నాయన. ఆ చేతిని చూశాక నాకు దెబ్బల భయం పోయి అసలు భయం మొదలైంది.

ఖాజా అన్న మోపెడ్ తీశాడు. వెనక నాయన, నాయన ఒళ్లో చిట్టి. నేను కాళ్లకు చెప్పుల్లేకుండా ఆ ఎండలో గవర్నమెంటు ఆసుపత్రి దాకా పరిగెత్తాను. డాక్టరమ్మ చిట్టికి గొట్టం వేసి కడుపు కడిగింది. ఎన్ని తినిందని అడిగింది. నాయన వంగి, నేనెన్నడూ వినని సన్నటి గొంతుతో చిట్టిని అడిగాడు.

"ఎన్ని తింటివి నాయనా?"

చిట్టి నాయన మొగం వైపు చాలాసేపు చూసింది. "రెండే." గౌను జేబులో చెయ్యి పెట్టి కొన్ని ఎర్రగింజలు తీసింది. "తక్కినవి ఈడ ఉండాయి. చేదుగా ఉండాయని దాచిపెట్టినా. చెప్తే అక్క బెల్లం ఇయ్యదని చెప్పలేదు."

నాయన గోడకు జారి కూర్చుని నవ్వాడు, ఏడ్చాడు కూడా. సాయంత్రం దాకా కనిపెట్టి ఉండమన్నారు. పొద్దు వాలేసరికి చిట్టి బన్ను అడిగింది. నన్ను ఎవరూ కొట్టలేదు. దానికి నేను చాలా ఏళ్లు బాధపడ్డాను. మర్నాడు ఖాజా అన్న గ్లాసులు కడిగి బోర్లించాడు. ఆ ఏడు ఏ క్యాసెట్టు గెలిచిందో బజారుకు తెలియలేదు.

ఇప్పుడా బజారులో క్యాసెట్ల అంగడి లేదు, అక్కడ ఫోన్లు బాగుచేస్తారు. అరుగులు రోడ్డులో కలిసిపోయాయి. వాన కోసం కాచుకునేవాళ్లు ఉన్నారు గానీ కలిసి కూర్చోవడం లేదు. ఎవరి ఫోన్లో వాళ్లు మబ్బును చూసుకుంటున్నారు. నాయన పోయి రెండేళ్లయింది.

గ్రూపులో నా వరస ఇంకా పెట్టలేదు. నిన్న గోరంట్లలో ఉన్న చిట్టికి ఫోన్ చేసి, ఆ ఏటి క్యాసెట్లలో నీకేది మొదటిదే అని అడిగాను.

"గుర్రమే. నాకు ముందు నుంచీ అదే ఇష్టం. బెల్లం కోసం దాన్నే ఓడగొడితి."

ఇద్దరం నవ్వాం. ఆ నవ్వులో ఎందుకో మళ్లీ అడిగాను, నిజంగా రెండే తిన్నావా అని.

"నాయన లేడు కదక్కా, ఇంక చెప్పొచ్చులే. గుప్పెడు తిన్న్యా. నాయన మొగం చూస్తే చానా భయమేసింది. ఎంత తక్కువ చెప్తే అంత తేరుకుంటాడని రెండంటి."

ఐదేళ్ల పిల్ల. బేరం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను. ఫోన్ పెట్టేశాక అన్నం ముందు కూర్చున్నాను. ముద్ద కలవడం లేదు, నా చెయ్యి ఆ ప్యాకెట్టు పట్టుకున్న నాయన చెయ్యిలా ఉంది.