నూట ముప్పై ఆరున్నర అడుగులు

తొమ్మిదేళ్లుగా రెండు సంఖ్యలను మోస్తున్నాను. ఒకటి నూట ముప్పై ఆరున్నర. రెండోది ఇరవై మూడు. రెండూ అడుగుల్లో. ఏ టేపూ ఇచ్చిన కొలతలు కావివి. ఏ పుస్తకంలోనూ లేవు. ఒక మధ్యాహ్నం, ఖాళీ తెరను చూస్తూ, నా ఎదుట కూర్చున్న మనిషి కోసం నేనే పుట్టించాను. అప్పటినుంచి అవి నన్ను వదల్లేదు. క్లాసులో బోర్డు మీద లెక్క వేస్తుంటే, ఏ జవాబు చివరనో అరన్నది కనిపిస్తే చాలు, సుద్దముక్క ఆగిపోతుంది.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో. తెలిసినవాళ్లకు చెప్పవలసిన రోజున నేనేం చేశానో మీరే చూస్తారు.

ఊరు కేజీఎఫ్, కోలారు బంగారు గనుల ఊరు. ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ బోధిస్తాను. నా వ్యాపకం పాత ఆర్గనైజర్లు. సెల్‌ఫోన్లు ఇంటింటికీ రాకముందు జేబులో పెట్టుకు తిరిగిన యంత్రాలు; మూత తెరిస్తే కింద చిన్న మీటలు, పైన బూడిదరంగు తెర. పేర్లు, నంబర్లు, చేయవలసిన పనులు అందులో దాచుకునేవారు. మా వైపు డిజిటల్ డైరీ అనేవారు. బెంగళూరు పాత సామాన్ల సంతలో వెతికి తెస్తాను. ఎంచుకోవడంలో నాకొక క్రమం ఉంది. మొదట మూత మడతబందు చూస్తాను; తెరిచిన చోట నిలవాలి, వాలిపోకూడదు. తర్వాత బ్యాటరీ గది. ఆకుపచ్చ తుప్పు స్ప్రింగుల దాకా ఉంటే ఒప్పుకుంటాను, బోర్డు మీదికి పాకితే వదిలేస్తాను. చివరికి తెర. తెచ్చినదాన్ని బాగుచేయడంతో ఆగను. వెలుగు లేని తెర వెనకనున్న అద్దపు పొరను బ్లేడుతో లేపి, అక్కడ సన్నని వెలుగు రేకు అమరుస్తాను. అన్నిటికంటే నాకిష్టమైన పని అదే.

ఈ యంత్రాల గురించి ఒక్క విషయం మీకు తెలిసి తీరాలి. వీటి జ్ఞాపకం కరెంటు ఉన్నంతసేపే. రెండు పెన్ను బ్యాటరీలు వీటిని నడిపిస్తాయి. అవి తీసి మార్చే కాసేపు, నాణెమంత చిన్న బ్యాటరీ ఒకటి జ్ఞాపకాన్ని పట్టి ఉంచుతుంది. అదీ చచ్చిపోయి ఉంటే లోపలున్నదంతా పోతుంది. చెరిపిన గుర్తు కూడా మిగలదు. అసలెన్నడూ రాయనట్టే అవుతుంది. కాబట్టి పెద్దవాటిని తీసే ముందు చిన్నదాన్ని మీటరుతో కొలవాలి. ముందు కొలువు, తర్వాత విప్పు. ఈ మాట నా విద్యార్థులకు విసుగొచ్చేదాకా చెప్పాను.

సవరప్ప గారు గని సర్వే విభాగంలో రిటైరైన మనిషి. భూమి కింద సొరంగాలు కొలిచిన ఆ చేతులు గని మూతపడ్డాక ఊరికే ఉండలేకపోయాయి. కోరమండల్ అనే గని పేట పక్కనున్న మా క్రైస్తవుల సమాధుల తోటను కొలవడం మొదలుపెట్టారు. గనిపనివాళ్ల సమాధుల మీద రాళ్లు తక్కువ. అన్నీ కర్ర సిలువలే. వాటిని చెదలు తింటాయి. బంగారం తీశాక పారబోసిన సైనైడ్ మట్టి దిబ్బల మీంచి గాలికి లేచే దుమ్ము పరుచుకుని పరుచుకుని మట్టి కుప్పలు నేలలో కలిసిపోతాయి. పదిహేనేళ్లయితే ఎవరు ఎక్కడున్నారో కన్నబిడ్డలకే తెలియదు. సవరప్ప గారు గేటు పక్కనున్న రాతిని మొదలుగా పెట్టుకున్నారు. అక్కడినుంచి నడిబాట వెంట ఎన్ని అడుగులు, ఆ చోటినుంచి కుడికో ఎడమకో ఎన్ని అడుగులు అని, ఒక్కొక్క మనిషికి రెండు సంఖ్యలు. నిలిచి ఉన్న సిలువలను చదివి రాశారు. లేనివాటికి ముసలివాళ్లను చెయ్యి పట్టుకుని నడిపించి, అడిగి రాశారు. మూడు వందల పన్నెండు పేర్లు. మొదట నోటు పుస్తకాల్లో ఉండేవి. వాటికీ చెదలు పట్టడం చూసి, చెదలు తినని వస్తువు కదా అని అన్నిటినీ ఒక డిజిటల్ డైరీలోకి ఎక్కించారు. పుస్తకాల్లో మిగిలిన కాగితాలతో ఇంట్లోవాళ్లు నీళ్లపొయ్యి రాజేశారు.

నవంబరులో సమాధుల పండుగ నాడు ఆయన గేటు దగ్గర స్టూలు వేసుకుని కూర్చునేవారు. వచ్చినవాళ్లు పేరు చెప్పేవారు. ఆయన తెర చూసి, లేచి, టేపు పట్టుకుని నడిచేవారు. ఆగిన చోట కొవ్వొత్తి వెలిగేది.

ఆ యంత్రాన్ని ఆయనే నా ఇంటికి తెచ్చారు.

“నా కండ్లు మసకేసినాయప్పా. తెర వెనకాల లైటు పెడతావంట గదా, పెట్టు. లోపలుండే జనాన్ని మాత్రం కదిలించొద్దు. ఒకసారి పూడ్చినోళ్లు, ఇంగ వాళ్ల జోలికి పోగూడదు,” అని నవ్వారు.

ఏమీ కాదన్నాను.

అది నేను ఏళ్ల తరబడి వెతికిన రకం. వెడల్పు తెర, బిగువు చెడని బందు, మచ్చలేని బ్యాటరీ గది. లోపలి పేర్లను కంప్యూటర్లోకి దింపే కేబుల్ నాలుగు రోజుల్లో రావలసి ఉంది. ఆగలేదు. చేత్తో రాసుకుంటే రెండు పూటల పని. రాసుకోలేదు. ఆ బోర్డు ఎలా ఉంటుందో చూడాలన్న ఆత్రం. ఆయన వీధి మలుపు తిరిగేలోపే స్క్రూడ్రైవర్ నా చేతిలో ఉంది. చిన్న బ్యాటరీని కొలవలేదు. మరిచిపోయానని మీకు చెప్పవచ్చు. మరిచిపోలేదు. గుర్తొచ్చింది. మీటరు పక్క గదిలో ఉంది. లేచి వెళ్లలేదు.

సాయంత్రానికి పని ముగిసింది. తెర వెన్నెల రంగులో వెలిగింది. అంత సమంగా పరుచుకున్న వెలుగు అంతకుముందెప్పుడూ నా చేతిలో కుదరలేదు. ఆ వెలుగులో ఒకే ఒక్క వరుస ఉంది. ఈ రోజు తేదీ ఏమిటని అడుగుతోంది. కొత్త యంత్రం అడిగే మొదటి ప్రశ్న. అప్పుడు కొలిచాను. మూడు వోల్టులుండవలసిన చోట ఒకటి పాయింట్ ఒకటి.

ఆయన రెండుసార్లు ఫోన్ చేశారు. రేకు సరిపోలేదు, ఇంకొకటి రావాలి అన్నాను. ఆయన బతికి ఉండగా చెప్పి ఉంటే? ఆ కాళ్లకింకా నడిచే శక్తి ఉంది. ఆ తలలో సగం పేర్లయినా ఉండి ఉంటాయి. ఇద్దరం టేపు పట్టుకుని మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. తిట్టేవారు, అంతే కదా? ఆ తిట్టు తినడానికి పది రోజులు చాలలేదు నాకు. పదకొండో రోజు ఆయన గుండె ఆగిపోయింది. ఆ వార్త విన్నప్పుడు నాలో మొదట కదిలింది దుఃఖం కాదు. ఇది రాయడానికే ఇన్నాళ్లు పట్టింది.

ఆయన్ను పూడ్చిన రోజున గేటు దగ్గర జనం నన్ను చుట్టుముట్టారు. మిషన్ నీ దగ్గరే ఉండాది, ఇంగ నువ్వే మాకు దారి చూపాల అన్నారు. తల ఊపాను.

ఆ ఏడాది పండుగకు పదకొండు మంది వచ్చారు. పది మందికి చోటు సుమారుగా తెలుసు. వాళ్లు చూపించిన వైపు చూసి, వెలిగే తెర చూసి, అవునన్నాను. పదకొండో మనిషి మరియమ్మ. ఆమె ఉదయాన్నే తోటకు పోలేదు. మధ్యాహ్నం నేరుగా మా ఇంటికి వచ్చింది. భర్త పోయాక ఊరు విడిచి, శ్రీనివాసపురం మామిడి మండీల్లో కాయలు ఏరే పనిలో ఇరవై ఏళ్లు గడిపి, అప్పుడే తిరిగి వచ్చిన మనిషి.

“సారూ, సవరప్పన్న మిషన్ మీ దగ్గర ఉండాదంట గదా?”

“ఉండాదమ్మా.”

“అట్లయితే మా ఆయన యాడుండాడో సూడప్పా. ఇన్నాసప్ప. షాఫ్టులో డ్రిల్లు పట్టేవాడు. బతికుండేటప్పుడు గూడా ఆయన్ని ఎతికేదే నా పని. సారాయంగడి కాడ ఉండాడా, చీట్లాట కాడ ఉండాడా అని. సచ్చినంక గూడా ఎతికిస్తా ఉండాడు సూడు. ఈ పొద్దు దొరికిపోతాడులే, యాడికి పోతాడు?”

అని పకపకా నవ్వి, వెంటనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. చేతిలో సంచి. సంచిలో కొవ్వొత్తులు, ఒక చిన్న డబ్బాలో సున్నం.

మూత తెరిచాను. తెర వెలిగింది. లోపల ఏమీ లేదు. ఆమె ముఖం మీద ఆ వెలుగు పడింది.

‘నాకు తెలియదు’ అనవచ్చు. రెండు మాటలు. వాటిని అనకపోవడానికి కారణం జాలి అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. జాలి అయితే ఆమె ముఖం చూసి ఉండేవాణ్ణి. నేను తెరనే చూస్తున్నాను. నా చేతి పనిలో తప్పు జరిగిందన్న మాట నా ఇంట్లో, నా బల్ల దగ్గర, నా నోటి నుంచి రావడం నేను భరించలేకపోయాను. అంతకంటే పెద్ద కారణం వెతికి చూశాను, దొరకలేదు.

“నూట ముప్పై ఆరున్నర. ఎడమకు ఇరవై మూడు,” అన్నాను.

ఆ అర ఎందుకు చేర్చానో నాకు స్పష్టంగా తెలుసు. నిండు సంఖ్య కల్పించినట్టు వినిపిస్తుంది. ఇరవై మూడు ఎందుకో కూడా తెలుసు. అక్కడ మట్టి కుప్ప లేదు, సిలువ లేదు, ఎవరూ తమదని వచ్చే అవకాశం లేదు. ఒక్క క్షణంలో ఇంత ఆలోచించాను. అంత నిశితంగా పనిచేసిన బుద్ధి మీటరు కోసం పక్క గదికి ఎందుకు వెళ్లలేకపోయింది?

టేపు పట్టుకుని నేనే నడిపించాను. ఆమె అక్కడ మోకరించి, నేల మీద అరచెయ్యి పెట్టి, “దొరికినావా,” అంది.

తర్వాత నేను ఊరుకోలేదు. చర్చిలోని మరణాల రిజిస్టరు చూశాను. పేరు, తేదీ ఉన్నాయి, చోటు లేదు. సన్నని ఇనుప కడ్డీతో తోటంతా గుచ్చి చూశాను, తవ్విన నేల మెత్తగా దిగుతుంది కదా అని. ఎక్కడ గుచ్చినా మెత్తగానే దిగింది. అన్నీ సమాధులే. వాటిలో ఏది ఇన్నాసప్పది? నేను కల్పించిన చోట మాత్రం కడ్డీ గుచ్చలేదు. గుచ్చే ధైర్యం చాలలేదు.

మరియమ్మ ప్రతి శుక్రవారం వెళ్లేది. ఒక రాయి నాటించి సున్నం కొట్టింది. బిళ్లగన్నేరు పెట్టి కుండతో నీళ్లు మోసింది. కూర్చుని గట్టిగా మాట్లాడేది. కోడలి మీద ఫిర్యాదులు, మోకాళ్ల నొప్పులు. ఏటా మామిడికాయల కాలంలో నా గుమ్మంలో ఒక బుట్ట పెట్టేది. “మా ఆయన్ని పట్టిచ్చినావప్పా,” అనేది. ఆ పళ్లు తిన్నాను. తినకపోతే అడుగుతుందని తిన్నాను.

ఈ వానాకాలంలో ఆమె పోయింది. ఆయన గుంతలోనే తననూ పెట్టాలని కొడుకు చేత ఒట్టు వేయించుకుందట. మాలో పాత సమాధిని తెరిచి, ఎముకలను ఒక పక్కకు చేర్చి, అక్కడే రెండో మనిషిని దింపడం వాడుకే. కొడుకు నన్ను రమ్మన్నాడు. “మీరే గదా సార్ నాయన్ని కనిపెట్టింది, మీరు నిలబడాల,” అన్నాడు.

గుంతలు తవ్వే అంతోని ముప్పై ఏళ్లుగా ఆ నేలను ఎరిగినవాడు. మూడో అడుగు దగ్గర గడ్డపార ఆపాడు. పిడికెడు మన్ను తీసి నలిపి చూశాడు. గుంతలోంచే తలెత్తి నన్ను చూసి, నాకు మాత్రమే వినిపించేంత మెల్లగా అన్నాడు:

“సారూ, ఇది గడ్డపార ఎరగని నేల. మొదటి దెబ్బ నాదే.”

“ఏమంటాండాడు సార్?” అని కొడుకు అడిగాడు. “నాయన ఏమన్నా... ఎముకో, ఏదో...”

“శానా ఏండ్లయింది గదప్పా,” అన్నాను. “ఏమీ మిగల్లేదు.”

అంతోని గడ్డపార అందుకున్నాడు. మళ్లీ తవ్వాడు. ఆమెను దింపారు. కొడుకు గుప్పెడు మన్ను వేసి, ఇంగ ఇద్దరూ ఒక చోట చేరినారు అని ఏడ్చాడు. వింటూ నిలబడ్డాను. ఆమె ఒక్కతే ఉంది అక్కడ. ఆయన ఇరవై అడుగుల అవతల ఉన్నాడో, రెండు వందల అడుగుల అవతల ఉన్నాడో.

అందరూ వెళ్లాక గేటు దగ్గర అంతోని నా పక్కకు వచ్చాడు. “నా నోట్లోనించి రాదులే సారూ,” అన్నాడు. గడ్డపార భుజం మార్చుకుని, “అయితే ఇన్నాసప్పన్న యాడుండాడు సారూ?” అన్నాడు. నేను గొడుగు విప్పుకుని నడిచాను.

ఆ కొడుకు ఇప్పుడు ఆ రాతి మీద ఇద్దరి పేర్లూ చెక్కించబోతున్నాడు. అతనికి చెబితే తల్లి తొమ్మిదేళ్ల శుక్రవారాలను వెనక్కి లాక్కున్నవాణ్ణవుతాను. చెప్పకపోతే ఆ రాయి నా అబద్ధాన్ని నాకంటే ఎక్కువ కాలం మోస్తుంది. ఈ రెంటిలో ఏది తక్కువ తప్పో కొలిచే పరికరం నా దగ్గర లేదు.

నిన్న ఆ యంత్రాన్ని బయటికి తీశాను. చిన్న బ్యాటరీ కొలిచాను. మార్చాను. తేదీ పెట్టాను. ఒక పేరు ఎక్కించాను: మరియమ్మ, నూట ముప్పై ఆరున్నర, ఎడమకు ఇరవై మూడు. తొమ్మిదేళ్ల కిందట నేను కల్పించిన సంఖ్యలు ఇప్పుడు నిజమయ్యాయి. తోటలో ఆ చోట నిజంగానే ఒక మనిషి ఉంది. ఒకప్పుడు మూడు వందల పన్నెండు పేర్లున్న యంత్రంలో ఇప్పుడు ఉన్నది ఆ ఒక్కటే.

తర్వాత ఈ కాగితం తీసుకున్నాను. చెదలు తింటే తిననీ.

అంతోనీ, నువ్వడిగినదానికి ఆ రోజు నా నోరు పెగల్లేదు. మరియమ్మకు ఆ మధ్యాహ్నం చెప్పవలసిన జవాబు కూడా ఇదే. ఇన్నాసప్ప ఎక్కడున్నాడో నాకు తెలియదు.