ఎడమకు వాలిన గడ్డి

నా చిన్నప్పుడు మా ఇంటికి బొమ్మలు బస్సులో వచ్చేవి. నెలకోసారి, సిటీ నుంచి చేవెళ్ల పోయే ఎర్రబస్సు మొయినాబాద్‌లో ఆగగానే కండక్టరు కిటికీలోంచి తల బయటికి పెట్టి మా బాపును, అంటే మా నాయనను, కేకేసేవాడు. బాపు మొయినాబాద్ నుంచి చిల్కూరుకు ఆటో నడిపేవాడు కాబట్టి ఎప్పుడూ స్టాండులోనే దొరికేవాడు. కండక్టరు ఒక వెడల్పాటి ఖాకీ కవరు ఆయన చేతిలో పెట్టేవాడు. ఆ కవరు మా చిన్నమ్మది.

చిన్నమ్మ అంటే మా చిన్నాయన భార్య. మాకూ వాళ్లకూ ఒకటే వాకిలి, రెండు పొయ్యిలు. సిటీలో పిల్లల మాసపత్రిక ఒకటి ఉండేది. అందులో ప్రతి నెలా పన్నెండు పేజీల బొమ్మల కథ వచ్చేది. బొమ్మలు వేసేది ఒక పెద్దాయన. ఆయన అంతా పెన్సిల్‌తో గీసి వదిలేసేవాడు. పెన్సిల్ గీత అచ్చులో సరిగ్గా పడదు కాబట్టి దాని మీద నల్ల ఇంకుతో మళ్లీ గీయాలి. ఆ పని చిన్నమ్మ చేసేది. మా ఇంట్లో దాన్ని ఇంకు పెట్టడం అనేవాళ్లం.

గీత మీద గీత గీయడమేగా, అందులో ఏముందని చాలామంది అనుకుంటారు. మొదట్లో మా చిన్నాయన కూడా అదే మాట అన్నాడు. చిన్నమ్మ కుంచె ఆయన చేతికిచ్చి, ఓ పాత కాగితం ముందు పెట్టింది. పెన్సిల్‌లో హాయిగా నవ్వుతున్న ముసలమ్మ చిన్నాయన ఇంకు పెట్టేసరికి పంటినొప్పితో బాధపడుతున్నట్టు తయారైంది. మళ్లీ ఎప్పుడూ ఆయన ఆ మాట ఎత్తలేదు.

చిన్నమ్మ పుట్టిల్లు చేవెళ్ల. వాళ్ల నాయన అక్కడ దుకాణాలకు బోర్డులు, ట్రాక్టర్లకు పేర్లు రాసేవాడు. ఆయన దగ్గరే కుంచె పట్టడం నేర్చుకుంది. ఆమెది ఎడమచేతి వాటం. అన్నం దగ్గర ఇంట్లోవాళ్లు చేతి మీద కొట్టి కొట్టి కుడిచేతికి మార్పించారట గానీ, కుంచె విషయంలో మాత్రం వాళ్ల నాయన ఎవరినీ నోరెత్తనివ్వలేదట. అందుకని చిన్నమ్మ తినేది కుడిచేత్తో, గీసేది ఎడమచేత్తో.

మధ్యాహ్నం వంటలూ గిన్నెలూ అయ్యాక గడప పక్కన, వెలుతురు పడేచోట కూర్చునేది. ఒళ్లో ఒక చెక్కపలక, దాని మీద కాగితం. వంపు గీత వస్తే చేతిని తిప్పేది కాదు, కాగితాన్నే తిప్పుకునేది. పొడుగు గీత మొదలుపెట్టిందంటే అది పూర్తయ్యేదాకా ఊపిరి బిగబట్టేది. ఆ సమయంలో ఎవరు పిలిచినా పలికేది కాదు. “దీనికి చెవులు ఇనవడయా ఏంది?” అని మా అవ్వ విసుక్కునేది. కుంచె మొనను పెదాలతో తడిపి సన్నం చేసుకునే అలవాటు వల్ల సాయంత్రానికి చిన్నమ్మ కింది పెదవి మీద ఓ నల్లచుక్క మిగిలేది. అది చూసి చిన్నాయన రోజూ ఏదో ఒకటి అనేవాడు, ఆమె రోజూ కొంగుతో తుడుచుకునేది.

అప్పుడు నాకు పదేళ్లు. నాకు రెండు పనులు అప్పగించింది. పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు పెట్టి ఉన్నచోటల్లా నలుపు నింపడం ఒకటి. ఇంకు బాగా ఆరాక అడుగున ఉన్న పెన్సిల్ గీతలను రబ్బరుతో తుడవడం రెండోది. ఇంతోటి పనికే, ఆ పత్రిక మొత్తం నా భుజాల మీదే నడుస్తున్నట్టు బడిలో చెప్పుకునేదాన్ని. ఒకరోజు నా పక్కన కూర్చునే పిల్ల ఆ పత్రిక తెచ్చి మొదటి పేజీ తెరిచింది. అందులో కథ రాసిందెవరో ఉంది, బొమ్మలు వేసిందెవరో ఉంది. “మీ చిన్నమ్మ పేరేది?” అని అడిగింది. నేను పేజీ అంతా వెతికాను. లేదు. క్లాసు మొత్తం పగలబడి నవ్వింది. ఆ ఏడాది పొడుగునా నాకు కోతల రాణి అనే పేరు ఖాయమైంది.

ఇంటికొచ్చి చిన్నమ్మను నిలదీశాను. ఆమె కుంచెలు కడుగుతోంది. “నా పేరు ఏందో నీకు తెల్వదా?” అని నవ్వి ఊరుకుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. అంత పని చేసిన మనిషి పేరు వేయకపోవడం అన్యాయమని గట్టిగా అనిపించింది. ఇప్పటికీ అన్యాయమనే అంటాను.

అవి ఎటు చూసినా కంప్యూటర్ల మాటే వినిపించే రోజులు. మొయినాబాద్‌లో టీకొట్టు మీది గదిలో కూడా కంప్యూటర్ కోర్సు పెట్టారు. కనకమామిడి వైపు పొలాల చుట్టూ సిటీవాళ్ల కంచెలు లేస్తున్నాయి. బాపు ఆటోలో చిల్కూరు గుడికి పోయేవాళ్లలో సగంమంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం మొక్కుకునే పిల్లలే. ఆ గాలి చిన్నమ్మ పని దాకా వచ్చింది. వానాకాలంలో ఒక నెల కవరులో పన్నెండు పేజీలకు బదులు ఆరే వచ్చాయి. వాటితోపాటు ఒక చీటీ ఉంది. మిగతా ఆరు పేజీలకు ఆఫీసులోనే ఒకబ్బాయి కంప్యూటర్ మీద ఇంకు పెడుతున్నాడు, రెండు రకాల పేజీలనూ పక్కపక్కన పెట్టి చూసి, ఇకమీదట పని ఎవరికివ్వాలో తేలుస్తాం అని అందులో రాశారు.

చిన్నమ్మ ఆ చీటీని మడిచి ఇంకుసీసా కింద పెట్టింది. పెద్దవాళ్లకు చెప్పింది గానీ నాకు చెప్పలేదు. ఆ పని పోతే ఇల్లు గడవదని కాదు. పొద్దంతా చేసే పనుల్లో ఆమె ఇష్టంగా చేసేది అదొక్కటే. ఆ ఆరు పేజీల మీద ఎనిమిది రోజులు కూర్చుంది. ఎందుకింత నెమ్మదిగా చేస్తోందో నాకు అర్థం కాలేదు.

పేజీలు పంపాల్సిన రోజు పొద్దున్నే చేవెళ్ల నుంచి కబురొచ్చింది. వాళ్ల నాయనకు దవాఖానలో ఆ రోజే కంటి ఆపరేషన్ చేస్తున్నారట. చిన్నమ్మ హడావుడిగా బయల్దేరుతూ నాకు అప్పగింతలు పెట్టింది. “పెన్సిల్ గీతలు తుడువు బిడ్డా. ఇంక దేనికీ చెయ్యి వెట్టకు. సాయంత్రం బస్సుకు కవరు మీ బాపుకియ్యి.”

అయిదు పేజీలు బుద్ధిగా తుడిచాను. ఆరోది బజారు బొమ్మ. మధ్యలో పెద్ద కిరాణా దుకాణం, దాని మీద ఖాళీ బోర్డు. అక్షరాలు ఆఫీసులో పెడతారు కాబట్టి బోర్డులు ఎప్పుడూ ఖాళీగానే ఉంచేవాళ్లు. నేను ఆ ఖాళీని చాలాసేపు చూశాను. కుంచె తీసి, ఇంకులో ముంచి, చిన్నమ్మ నేర్పిన బోర్డు అక్షరాలతోనే, ఇంటిపేరుతో సహా ఆమె పేరు రాశాను. చివర ‘కిరాణం’ అని కూడా చేర్చాను. చాలా ముచ్చటగా కుదిరింది. సాయంత్రం కవరు బస్సెక్కింది.

నాలుగు రోజుల తర్వాత అన్నాల దగ్గర చిన్నమ్మ చిన్నాయనతో అంటోంది, “ఒక్క మచ్చ లేకుంట పంపిన. ఇగ వాళ్ల ఇష్టం.” ఏం ఇష్టమని అడిగాను. అప్పుడు చెప్పారు చీటీ సంగతి. నా నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. దాచాలని కూడా తోచలేదు, జరిగిందంతా చెప్పేశాను. చిన్నమ్మ నా నెత్తి మీద ఒక్కటిచ్చింది. నా జన్మలో ఆమె నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. చిన్నాయన బూత్ నుంచి ఫోన్ చేద్దామన్నాడు. చిన్నమ్మ ఒప్పుకోలేదు. మర్నాడు పొద్దున తెల్లరంగు సీసా, ఒక కుంచె సంచిలో వేసుకుని, నన్ను కూడా వెంటబెట్టుకుని బస్సెక్కింది.

ఆ ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. కంప్యూటర్ ఉన్న గదికి ఏసీ పెట్టి, చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలని కాగితం అంటించారు. మేం ఆ గది దాకా పోలేదు. ఇవతల హాల్లోనే పెద్ద బల్ల మీద పన్నెండు పేజీలూ పరిచి ఉన్నాయి. పత్రిక చూసుకునే సారు ఆ బోర్డు మీద వేలు పెట్టి అడిగాడు. “ఏంటమ్మా ఇది? పేరు కావాలంటే అడగొచ్చుగా. ఇలా దొంగచాటుగా రాసుకోవడమేంటి?”

చిన్నమ్మ నా పేరెత్తలేదు. “తప్పయింది సార్, ఇప్పుడే సరిజేస్త” అని సంచిలోంచి రంగుసీసా తీసింది. “నేను రాసిన సార్! మా చిన్నమ్మకు తెల్వనే తెల్వదు” అని ఆ హాలంతా వినబడేలా అరిచాను. సారు నన్ను ఎగాదిగా చూశాడు. చిన్నమ్మ తల ఎత్తకుండా తన పేరు మీద తెల్లరంగు వేయడం మొదలుపెట్టింది. ఒక పూత వేసి, ఆరేదాకా ఆగి, రెండో పూత వేసింది. ఒక్కో అక్షరం పోతుంటే నేను చూస్తూ నిలబడ్డాను.

కిటికీ దగ్గర ఒక పెద్దాయన టీ తాగుతూ ఇదంతా గమనిస్తున్నాడు. ఆ పెన్సిల్ బొమ్మలు వేసేది ఆయనే. రెండేళ్లుగా ఒకే కాగితం మీద పనిచేస్తున్నా ఆయనా చిన్నమ్మా ఒకరి మొహం ఒకరు చూడటం అదే మొదటిసారి. ఆయన నన్ను దగ్గరికి పిలిచి ఎందుకు రాశావని అడిగాడు. “రాయకుంటె చిన్నమ్మ చేసిందని ఎవ్వరికి తెలుస్తది?” అన్నాను.

ఆయన లేచి అలమారలోంచి పాత పేజీల కట్ట తీశాడు. రకరకాల మనుషులు ఇంకు పెట్టినవి, ఒక్కదాని మీదా ఎవరి పేరూ లేదు. వాటినన్నీ కలిపి నా ముందు పోశాడు. “ఇందులో మీ చిన్నమ్మవి తియ్యి చూద్దాం” అన్నాడు. నేను తీయడం మొదలుపెట్టాను. పెద్దగా ఆలోచించాల్సిన పనే లేకపోయింది. ఏడు తీసి పక్కన పెట్టాను. ఆయన చూసి, ఆరు సరైనవేనన్నాడు. ఏడోది వెనక్కి తోస్తూ, “ఇది మాత్రం కాదు. ఇది వేరే అతను పెట్టింది” అన్నాడు.

“అది నాదే సార్” అంది చిన్నమ్మ బల్ల దగ్గరనుంచే. “మొట్టమొదటి నెల పంపింది. అప్పుడు జర చెయ్యి వణికింది.”

ఆయన కళ్లద్దాలు సర్దుకుని ఆ కాగితాన్ని దగ్గరగా పెట్టుకున్నాడు. నీకెలా తెలిసిందని నన్నడిగాడు. నేను గడ్డి చూపించాను. గడ్డిపరక గీసేటప్పుడు కింద లావుగా మొదలుపెట్టి పైకి విదిలించాలి. కుడిచేతివాళ్లు విదిలిస్తే పరక కుడికి వాలుతుంది. అందరి గడ్డీ కుడికే వాలింది. చిన్నమ్మ గడ్డి ఒక్కటే ఎడమకు వాలుతుంది. ఆయన ఏడు పేజీలనూ వరసగా పేర్చుకుని చూశాడు. “రెండేళ్లుగా నా బొమ్మల్లో గాలి ఎటు వీస్తోందో నేనే చూసుకోలేదన్నమాట” అని నవ్వాడు. తర్వాత చిన్నమ్మ వైపు తిరిగి చేతులు జోడించాడు. చిన్నమ్మ కుంచె పట్టుకునే నమస్కారం పెట్టింది. సారు మాత్రం సరే, చూద్దాం అన్నాడంతే.

తిరిగొచ్చేటప్పుడు బస్టాండులో చిన్నమ్మ నాకు కాల్చిన మక్కకంకి కొనిచ్చింది. బస్సు గండిపేట దాటాక అంది, “పేరు లేకున్నా నీకైతె దొరికినయ్ గదా. ఇగ ఊకో.” ఆ వెంటనే, “మల్ల పేజీ మీద చెయ్యి వెడితె మాత్రం చేతులిరగ్గొడ్త” అని కూడా అంది.

తర్వాతి నెల కవరు వచ్చింది. మళ్లీ ఆరే పేజీలు. అంతకుముందు పెద్దాయన గడ్డిని కూడా పెన్సిల్‌తో పైపైన గీసి పంపేవాడు. ఈసారి ఒక పేజీలో చెరువుగట్టు కింద నేలంతా చిన్నమ్మ కోసం ఖాళీగా వదిలేసి, మధ్యలో చిన్నగా రెండే మాటలు రాశాడు. ‘గడ్డి మీది’ అని. చిన్నమ్మ ఆ రెండు మాటల చుట్టూ గడ్డి మొలిపించింది. ఇంకు ఆరాక తుడవమని పేజీ నాకిచ్చింది. అన్నీ తుడిచాను గానీ ఆ మాటల దగ్గరికొచ్చేసరికి నాకు చెయ్యాడలేదు. చిన్నమ్మే రబ్బరు తీసుకుని మెల్లగా తుడిచేసింది. తుడిచిన చోట మరో నాలుగు పరకలు గీసింది.

ఆ పని ఇంకో ఏడాది నడిచింది. ఆ తర్వాత పేజీలన్నీ కంప్యూటర్‌కే పోయాయి, కవర్లు రావడం ఆగిపోయింది. చిన్నమ్మ చాలాకాలం, వాడని కుంచెలనే వారానికోసారి కడిగి ఆరబెట్టేది. ఇంటర్ పిల్లలు సైన్సు రికార్డుల్లో బొమ్మలు వేయించుకోవడానికి వస్తే కప్ప గుండెకాయలూ మందారపువ్వులూ గీసిపెట్టేది.

నేనిప్పుడు ఆ కంప్యూటర్ మీదే ఇంకు పెడుతున్నాను. జుట్టు నెరిసింది. పిల్లల పుస్తకాలకు ఈ పని మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. గీత తప్పితే ఒక మీట నొక్కి వెనక్కి రావచ్చు, పెదవి మీద చుక్క కూడా పడదు. మొదటి పేజీలో నా పేరు వేస్తారు. వేయకపోతే అడిగి వేయించుకుంటాను. నా దగ్గర నేర్చుకునే పిల్లల పేర్లు కూడా వేయించడం నేను పట్టుబట్టి పెట్టిన నియమం. ఆ పిల్లల్లో ఒకడు మొన్న నా తెర చూసి, “మేడమ్, మీది కుడిచెయ్యే కదా, మీ గడ్డేంటి ఉల్టా ఉంటుంది?” అని అడిగాడు. నా చేతికి అది ఎదురు గీతే. ప్రతిసారీ తెర మీద బొమ్మను తిప్పుకుంటే తప్ప రాదు.

కొత్త పుస్తకం అచ్చయినప్పుడల్లా మొయినాబాద్ పోయి చిన్నమ్మ చేతికిస్తాను. ఆమెకిప్పుడు చూపు మందగించింది. నా పేరున్న పేజీని చూడకుండానే తిప్పేస్తుంది. గడ్డి ఎక్కడుందో వెతికి, దాని మీద వేలు పెట్టి, “కాయితం తిప్పినవా?” అని అడుగుతుంది.

“తిప్పిన చిన్నమ్మా” అంటాను.