ఆవిడకు నాలుగు, నాకు మూడు

బాచుపల్లిలో మా అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్ పై అంతస్తులో, ట్రెడ్‌మిల్లుల గది పక్కన, ఆదివారం మధ్యాహ్నాలు బ్రిడ్జి ఆడతాం. నేను మొదటిసారి అక్కడికి వెళ్ళింది పుస్తకాల అర కోసం. ఆ అర ముందే పేకాట బల్ల. ఒక మనిషి తక్కువై ముగ్గురు ఎదురుచూస్తున్నారు. "పాపా, లెక్కబెట్టేది వస్తాదా?" అని అడిగిన పెద్దావిడే ఆ రోజు నుంచి నా జోడీ.

ఆ ఆట నాకు వెంటనే నచ్చింది. అందులో జోడీతో కబుర్లు చెప్పకూడదన్నది నియమం. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. ఒక్కొక్కరి చేతిలో పదమూడు ముక్కలు. ఆట మొదలయ్యే ముందు వేలంపాట ఉంటుంది. ఏ రంగును తురుపు చేసుకుని ఎన్ని ట్రిక్కులు, అంటే తలా ఒక ముక్క వేసే రౌండ్లు, గెలుస్తామో పోటీపడి పాడాలి. నా చేతిలో ఏముందో జోడీకి తెలిసేది ఆ పాట వల్లే. ఆఫీసు మీటింగులో నా పేరు పిలిస్తేనే ఒళ్ళు చల్లబడే మనిషిని నేను. "ఒకటి ఆఠీన్", "రెండు కళావర్", "పాస్" లాంటి మాటలతోనే గడిచిపోయే మధ్యాహ్నం నాకు పెద్ద ఊరట.

మిగతా మెళకువలు ఆఫీసు బస్సులో, ఫోన్లో నేర్చుకున్నాను. చిక్కు అక్కడే వచ్చింది. ఆఠీన్ గానీ ఇస్పేటు గానీ మొదట పాడాలంటే ఆ రంగువి ఐదు ముక్కలుండాలని ఫోన్ చెప్పింది. నా జోడీ ఆంటీది పాత పద్ధతి, నాలుగుంటే చాలు. గుంతకల్లు రైల్వే క్వార్టర్స్‌లో పెళ్ళైన కొత్తలో భర్త నేర్పించాడట. ఆయన పోయేదాకా ఇద్దరూ అలాగే ఆడారు.

ఆవిడ ఆఠీన్ పాడితే, నా చేతిలో మూడు ఆఠీన్లుంటే, ఇద్దరికీ కలిపి ఏడే కావచ్చు. మిగిలిన ఆరు అవతలివాళ్ళవి. ఎనిమిది లేనిదే తురుపు నిలవదని ఫోన్లో చదివిన నేను మూడు ముక్కలతో నోరు మూసుకునేదాన్ని. వాళ్ళు చవగ్గా పాట పాడుకుని గెలిచేవాళ్ళు.

బల్లను నడిపే పెద్దాయన సంగారెడ్డి వైపు మనిషి, రిటైరైన ఇంజినీరు. ఒక ఆదివారం ఆట అయ్యాక ముక్కలు సర్దుతూ అన్నాడు:

"అక్కా, జమానా మారింది. నువ్వు గూడ ఐదు ముక్కలకు రా. వచ్చే నెల మదీనాగూడ వాళ్ళతోని మ్యాచ్ ఉంది. గిట్ల ఆడితే ఇజ్జత్ పోతది."

"ఇప్పుడు ఐదంటే నా నోరు వినదు నాయనా. మీకు కుదరదంటే చెప్పండి, నేను ఇంట్లోనే ఉంటా."

"అరె, ఇంట్ల కూసోమని ఎవరన్నరు? వచ్చే ఆదివారం చూస్తం. గప్పుడు జోడీలు ఖాయం చేద్దాం. జర సోచాయించు."

ఇంట్లోనే ఉంటానన్న మాట ఆవిడ అలిగి అనలేదు. మామూలుగా, చెప్పులేసుకుంటూ అంది. నాకు భయం వేసింది అందుకే. పద్ధతి మార్చుకోమంటే ఆవిడ నిజంగానే రావడం మానేస్తుంది.

మారాల్సింది నేనే అనుకుని, ఆ వారం సాయంత్రాలు ఆఫీసు నుంచి నేరుగా ఆంటీ ఫ్లాటుకు వెళ్ళాను. మంచం మీద ముక్కలు పరిచి, పక్కన బొరుగుల గిన్నె పెట్టి ఆవిడ పాఠం చెప్పేది.

"మూడూ చిన్నవైతే నా పాట పెంచి లేవొద్దు. రాజో రాణో ఒకటి ఉండల్ల. ఇంకో రంగు ఒక్కటే ముక్క ఉండల్ల. అప్పుడు లెయ్."

"ఒక్కటే ఎందుకండీ?"

"వాళ్ళు ఆ రంగు రెండోసారి వేస్తే నీ దగ్గర అయిపోయింటాది. నీ చిన్న తురుపుతో కొడ్తావు. నా నాలుగు నాకే ఉంటాయి. తెలిసిందా?"

"మరి ఐదు వచ్చేదాకా ఆగితే భద్రం కదండీ?"

"నాలుగుంటే చెప్పల్ల పాపా. ఐదు రావాలని కాచుకొనుంటే, వాళ్ళు పాడుకొని పోతారు. బొరుగులు తిను."

ఆదివారం వచ్చింది. ఆంటీ ఒకటి ఆఠీన్ పాడింది. పెద్దాయన ఒకటి ఇస్పేటు అన్నాడు. నా చేతిలో మూడు ఆఠీన్లు, అందులో ఒకటి రాజు. ఇస్పేటు ఒంటరిది. "రెండు ఆఠీన్లు" అన్నాను. పెద్దాయన జోడీ, ఐదో అంతస్తులో ఉండే టీమ్ లీడ్ అమ్మాయి, "రెండు ఇస్పేట్లు" అంది. ఆంటీ పాస్. పెద్దాయన పాస్. నేనూ పాస్ అంటే వాళ్ళ పాటే ఖాయం.

ఆంటీ ముఖం చూడకూడదు. చూసినా ఆవిడ ముక్కల వెనక కళ్ళద్దాలే కనిపిస్తాయి. నాలుగు ఉన్నాయని మాత్రం ఆవిడ తన పాటతో చెప్పింది.

"మూడు ఆఠీన్లు," అన్నాను.

"ఏందీ?" అన్నాడు పెద్దాయన. మళ్ళీ చెప్పాను. అందరూ పాస్. ఆఠీన్ ముందు పాడింది ఆంటీ కాబట్టి మా ఇద్దరి ముక్కలూ ఆడేది ఆవిడే, నియమం ప్రకారం నావి బల్ల మీద పరిచాను.

"మూడే పెట్టుకొని మూడు దాకా పోయినవా బిడ్డా! హిమ్మతే!"

మూడు పాడితే, దానికి ఆరు కలిపి తొమ్మిది ట్రిక్కులు కావాలి. ఆంటీ నా చిన్న తురుపుతో ఇస్పేటును కొట్టింది, తొందరపడకుండా ఒక్కొక్కటే లాగింది. ఎనిమిదే వచ్చాయి. ఒకటి తక్కువ.

"చూసినవా అక్కా? పోయింది."

"పోయింది. మరి మీరే ఆడింటే మీ రెండు ఇస్పేట్లు ఏమయ్యేవి?"

ఎవరి ముక్కలు వాళ్ళ ముందే ఉన్నాయి. టీమ్ లీడ్ వాటిని తిప్పి, పెదవులు కదుపుతూ లెక్కేసింది. "సార్, మనకు ఎనిమిది వచ్చేవి. మన పాట నెగ్గేది. వాళ్ళకు ఒక ట్రిక్కు తగ్గినందుకు మనకొచ్చిన పాయింట్ల కంటే అప్పుడు ఎక్కువ వచ్చేవి."

పెద్దాయన తనూ ఒకసారి లెక్కేసుకున్నాడు. ఇస్పేటు ఆసును వేలితో బల్ల మీద గుండ్రంగా తిప్పాడు.

"ఓడిపోయి గెలిచే ఆట ఇది. ఇగ ఏం జేస్తం? మీ నాలుగు మీరే ఆడుకోండ్రి. మదీనాగూడ వాళ్ళు గూడ పరేషాన్ కావాలె."

ఆంటీ నీళ్ళ సీసా మూత తీసి ముందు నాకు అందించింది.

లిఫ్టు దగ్గర నిలబడ్డాక అడిగింది. "నా దగ్గర నాలుగే అని తెలిసీ ఎట్ల లేసినావు?"

"నాలుగు ఉన్నాయని మీరే చెప్పారు కదండీ."

ఆవిడ నా చున్నీ అంచు సరిచేసింది. తర్వాత గొంతు మార్చింది.

"అది సరే. మూడు ఆఠీన్లు అనేటప్పుడు గొంతు ఎందుకు వణికె? అట్ల వణికితే నీ చేతిలో ఏముందో బల్లకంతా తెలుస్తాది. మ్యాచ్‌లో ఒప్పుకోరు. మళ్ళీ చెప్పు, సాపుగా."

"మూడు ఆఠీన్లు."

"ఇంకోసారి."

లిఫ్టు వచ్చింది. రెండో అంతస్తులో కుక్కపిల్లను చంకలో పెట్టుకుని ఒకాయన ఎక్కాడు. ఆవిడ ఆపలేదు. నేనూ ఆపలేదు.